కలర్ రీలు

కుప్పుస్వామి కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మద్రాసు మూర్ మార్కెట్ సరుకా?"

"ఆ. మావోడు సెకండ్‌హ్యాండ్‌లో కొనిందే," అన్నాడు శేషాద్రి.

తిరువళ్ళూరు స్టేషన్ ఎదురు వీధిలో కుప్పుస్వామి స్టూడియో. శేషాద్రిది పక్కనే కడంబత్తూరు. నాలుగెకరాల వరి పండించుకునే మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. కెమెరాకు కొత్తవాడని పట్టుకున్న తీరే చెబుతోంది. రెండు చేతులతో, పాలగిన్నె పట్టుకున్నట్టు పట్టుకొచ్చాడు.

"ఎల్లుండి తిరుత్తణి కొండ మీద పెండ్లి. ఫిల్ము వేసియ్యి. ఎట్లా నొక్కాల్నో కూడా చెప్పు."

"ఎవురి పెండ్లి?"

"మా ఇంటి పిల్లది."

కుప్పుస్వామి కెమెరా పైన చిన్న అద్దంలో అంకె, పక్కనే ఫిల్ము రకం గుర్తు చూశాడు.

"లోపల రీలు ఉండాదే. బ్లాక్ అండ్ వైట్. తొమ్మిది తీసినారు, ఇంకా ఇరవై ఏడు మిగిలుండాయి. దీంట్లోనే తీసుకోవచ్చు గదా."

"వద్దు. కొత్తది వెయ్యి."

"పాత సొంతదారు మరిచిపోయినట్టుండాడు. కడిగి చూద్దామా, ఏముండాదో?"

"కడగొద్దు. తీసి నాకియ్యి."

కుప్పుస్వామి చిన్న పిడి తిప్పి రీలు చుట్టి బయటికి తీశాడు. శేషాద్రి దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

గాజుబల్ల మీదికి రెండు కొత్త ఫిల్ము డబ్బాలు వచ్చాయి.

"ఇది బ్లాక్ అండ్ వైట్. స్పీడు ఎక్కువ, మండపంలో నీడగా ఉన్నా పడతాది. నేనే కడుగుతా, రెండు దినాల్లో ఇస్తా. ఇది కలరు. దీనికి వెలుతురు కావాల. మీ దగ్గిర ఫ్లాష్ లేదు, పెండ్లికూతుర్ని ఎండలోకి పిలుచుకోని రావాల. కడిగేదానికి మద్రాసుకు పంపాల."

"ఏది ఎక్కువ కాలం ఉంటాది?"

కలరు అమ్మితేనే కుప్పుస్వామికి లాభం, అయినా దాచలేదు.

"నిజం చెప్పాలంటే బ్లాక్ అండ్ వైటే. కలరు పదైదు ఇరవై ఏండ్లకు వెలిసిపోతాది."

"కలరే వెయ్యి."

"ఇప్పుడే చెప్తిని గదన్నా..."

"బ్లాక్ అండ్ వైట్ పెండ్లిఫోటో ఇంట్లో ఒకటి ఉండాది. అది చాలు."

కుప్పుస్వామి కలరు రీలు ఎక్కించాడు. చూడు, ఊపిరి బిగబట్టు, నొక్కు, తిప్పు అని నేర్పించాడు. శేషాద్రి మూడుసార్లు ఒప్పజెప్పాడు.

పెళ్ళి నాడు ఆ ముహూర్తానికి కొండ మీద తొమ్మిది పెళ్ళిళ్ళు. వరుడు నటరాజు పళ్ళిపట్టు పిల్లవాడు, ఆవడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం. సంబంధం వెతికింది శేషాద్రే. ఆరు నెలలు బస్సుల వెంట, రైళ్ళ వెంట తిరిగాడు. ఊళ్ళో మాత్రం ఎక్కువమందిని పిలవలేదు. భార్య రుక్మిణమ్మ తిరుత్తణి దాకా వచ్చి కింద సత్రంలోనే కూర్చుండిపోయింది.

"మోకాళ్ళు పట్టేసినాయి. నువ్వు పోయిరా," అంది గోడ వైపు చూస్తూ.

శేషాద్రి బలవంతం చేయలేదు.

తాళి కట్టడం అయ్యాక ఇద్దరినీ ఎండలోకి తీసుకొచ్చాడు. వళ్ళియమ్మ ఎర్రచీరలో తల వంచుకుని నిలబడింది. చెంపల మీద తడి ఆరలేదు.

"తలెత్తమ్మా."

ఎత్తింది. చూశాడు, ఊపిరి బిగబట్టాడు, నొక్కాడు, తిప్పాడు. మళ్ళీ చూశాడు, మళ్ళీ నొక్కాడు. సంతోషం దగ్గరికి రాలేదు. దుఃఖమూ రాలేదు. పొలంలో నారు నాటేటప్పుడు చేతులు వాటంతట అవి పనిచేసినట్టు వేలు నొక్కుతూ పోయింది.

"చాలు, ఎండలో నిలబడొద్దు. ఇట్లా నీడకు రండి," అంది వళ్ళియమ్మ.

"ఇంకొక్కటి. నటరాజు పక్కన నవ్వుతా ఉండు."

ఆ పిల్ల నవ్వబోయి నవ్వలేకపోయింది. అతను అలాగే తీశాడు.

కొత్తజంట అతని కాళ్ళకు మొక్కారు. శేషాద్రి చెయ్యి ఆమె తల మీద పెట్టాడు. పూలు తగులుతున్నట్టు కూడా తెలియలేదు. నటరాజువాళ్ళు ఆమెను మెట్ల వైపు నడిపించారు. ఆమె మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది. అతను కెమెరా పైన అంకె చూసుకుంటూ ఉండిపోయాడు.

పక్కన తమ పెళ్ళివాళ్ళ వంతు కోసం కాచుకున్న ఒక ముసలామె ఇదంతా గమనిస్తోంది. ఇక ఉండబట్టలేకపోయింది.

"ఒక్కతే కూతురా అయ్యా?"

శేషాద్రి భుజం మీది తోలుసంచి దించుకున్నాడు.

"ఇందాకట్నుంచీ చూస్తానే ఉండా. పిల్ల ఏడస్తా పోతా ఉండాది, నీ కంట్లో ఒక్క చుక్క లేదు. కన్నకూతుర్ని ఇట్లా అంపే నాయన్ని నేను యాడా చూడలేదు."

శేషాద్రి కెమెరాను తోలుసంచిలో పెట్టి మూత బిగించాడు.

"కూతురు కాదమ్మా," అన్నాడు నెమ్మదిగా, "పోయినేడు చనిపోయిన నా కొడుకు పెండ్లాము."