ఏడో నంబరు పిడి

“అంత గట్టిగా పిసక్కండి ఆంటీ. అది పిడి, పిండి కాదు.”

పెద్దావిడ సిగ్గుపడి వేళ్ళు వదులు చేశారు. పిస్టల్ ముందుకు వాలిపోయింది.

“మరీ వదిలేస్తే జారిపోతుంది,” అంది కోచ్ అమ్మాయి. ఆవిడ పక్కకొచ్చి వేళ్ళు ఒక్కొక్కటే సర్దింది. “బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చోటు పిడి పైదాకా ఆనాలి. నొక్కేది నడిమి రెండు వేళ్ళే. చిటికెన వేలు ఊరికే తోడుంటుంది. చూపుడువేలు, నేను చెప్పేదాకా ట్రిగ్గర్ బయటే.”

“ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలియడం లేదు తల్లీ.”

“తెలిసినవాళ్ళు కనిపిస్తే చెయ్యి కలుపుతాం కదా. అంతే.”

ఆవిడ అలాగే పట్టుకున్నారు. వాలిన పిస్టల్ నిలబడింది. కళ్ళు మూసుకున్నారు.

“కళ్ళు మూసుకుని గురి చూసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను.”

“ఒక్క నిమిషం ఉండమ్మా.”

మూడు వారాలుగా ఇదే వరస. పది మీటర్ల దూరంలో కాగితం మీద నల్లటి చుక్క, ఆవిడ గుళ్ళు మాత్రం దాని చుట్టూ ఉన్న గోడకి. మొదటి రోజు బీరువాలో ఉన్న పన్నెండు పిస్టళ్ళ పిడులూ కూరగాయలు ఏరినట్టు తడిమి తడిమి చూసి, ఏడో నంబరు తీసుకున్నారు. అన్నిటికంటే పాతది అదే.

కోచ్ అమ్మాయికి ఆ పిస్టల్ అంటే చిరాకు. తను ఈ షూటింగ్ క్లబ్‌లో చేరి నాలుగు నెలలే అయింది. అంతకుముందు ఎవరో తమ అరచేతికి తగ్గట్టు దాని చెక్క పిడిని చెక్కించుకున్నారు. ఆవిడ చిన్న చెయ్యి అందులో మునిగిపోతోంది. చిటికెన వేలి దగ్గరైతే లోతుగా, ఏటవాలుగా ఒక గుంట.

“ఎవరి కోసం చెక్కారో గానీ, మనిషిది బొత్తిగా వంకర చెయ్యి.”

“అంత వంకరేం కాదులే,” అన్నారు ఆవిడ.

“మీరు దాన్ని వెనకేసుకురాకండి. సోమవారం గుంటలన్నీ లప్పంతో పూడ్చి, ఆకురాయి పట్టి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దేస్తాను. కొత్తగా చేరే ఆడపిల్లలకి సరిపోతుంది.”

పెద్దావిడ పిస్టల్‌ని బల్ల మీద పెట్టారు. పెట్టాక కూడా చెయ్యి తియ్యలేదు.

“రుద్దకమ్మా. నాకు అలవాటైపోయింది.”

“మూడు వారాలకేనా? మీ చేతికి సరిపోయేవి ఇంకా పదకొండు ఉన్నాయి ఆంటీ.”

“నాకిదే కావాలి.”

“అసలు ఈ వయసులో మీకిదెందుకు? దొంగల భయమా?”

“ఇంట్లో ఒక్కదాన్నే కదా,” అన్నారు ఆవిడ, తల వంచుకుని.

కోచ్ అమ్మాయికి జాలేసింది. “సరే. ఆదివారం పరీక్ష ఉంది. పది గుళ్ళు, వందకి అరవై. పాసైతే సభ్యత్వం ఇస్తారు, ఏడో నంబరు మీ పేర రాసేస్తాను. ఇక ఎవరూ దానికి ఆకురాయి తగిలించరు.”

“మాటేనా?”

“మాటే.” మాటివ్వడానికి కోచ్ అమ్మాయికి ఇబ్బందేమీ అనిపించలేదు. ఆవిడ ఇంతవరకూ ముప్పై దాటలేదు.

ఆదివారం దాకా ఉన్న నాలుగు రోజులూ ఆవిడ తలుపులు తీసేసరికే వచ్చి కూర్చున్నారు. ఇంట్లో నీళ్ళ సీసా పట్టుకుని చెయ్యి చాచి నిలబడుతున్నానని చెప్పారు. గురువారం ముప్పై ఎనిమిది. శనివారం నలభై తొమ్మిది.

ఆదివారం తొమ్మిది గుళ్ళకి యాభై మూడు వచ్చాయి.

“ఇంకొక్కటే,” అంది కోచ్ అమ్మాయి. “ఏడు రావాలి.”

ఆవిడ గురి చూశారు, అంతలోనే పిస్టల్ దించేశారు.

“నావల్ల కాదేమో.”

“ఎవరితో చెయ్యి కలుపుతున్నారో తలుచుకోండి ఆంటీ. తక్కినదంతా మర్చిపోండి.”

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఈసారి కోచ్ అమ్మాయి వేళాకోళం చెయ్యలేదు. కాసేపటికి కళ్ళు తెరిచి, చెయ్యి చాచి, ట్రిగ్గర్‌ని మెల్లగా వెనక్కి లాగారు.

ఎనిమిది.

పెద్దావిడ గోడకి ఆనుకుని, కొంగుతో ముఖం తుడుచుకున్నారు. కోచ్ అమ్మాయి ఆకురాయిని సొరుగులో పడేసి, సభ్యత్వం కార్డు తీసింది.

“మాటంటే మాటే. ఇది ఇక మీదే. ఫొటో ఉందా ఆంటీ?”

ఆవిడ పర్సు వెతికారు. ఆ కంగారులో ఒక పాత ఫొటో జారి బల్ల మీద పడింది. పెరటి మెట్ల మీద ఆవిడ నవ్వుతూ కూర్చున్నారు. పక్కన పొడవాటి మనిషి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

“ఈయన…”

“మావారు. కిందటి వానాకాలంలో పోయారు.”

కోచ్ అమ్మాయి ఫొటోని వెలుతురులోకి జరిపి చూసింది.

ఆవిడ చేతిని పట్టుకున్న ఆ చేతికి, చిటికెన వేలు వంకర.