మేకప్ లేని ఫోటో

"మీ ఆయన ఫోటో అడిగితే రుషి ఫోటో తెచ్చిండ్రేంది ఆంటీ?"

ఫిల్మ్‌నగర్ డీటీపీ సెంటర్లో పనిచేసే వర్ణిక ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆయనేనమ్మా. ఆ జటలూ గడ్డమూ తీసేస్తే మా ఆయనే," అంది పుష్పవల్లి.

"గడ్డం లేనిది ఒక్కటి కూడ లేదా?"

పుష్పవల్లి సంచిలోంచి ఇంకో మూడు తీసింది. ఒకదాంట్లో మంత్రి. ఒకదాంట్లో బందిపోటు. ఒకదాంట్లో శవం.

చలపతిరావు ముప్పై ఏళ్ళు జూనియర్ ఆర్టిస్టు. వేషం కట్టిన రోజే ఫోటో దిగేవాడు. సొంత ముఖానికి ఫోటో దండగ అనేవాడు.

ఈమధ్య మతిమరుపు వచ్చింది. మూడు రోజుల క్రితం ఇంట్లోంచి వెళ్ళినవాడు తిరిగి రాలేదు.

"ఇది గోడలకు అంటిస్తే ఎవరు గుర్తుపడ్తరు ఆంటీ? జనం రుషిని ఎతుకుతరు."

పుష్పవల్లి కళ్ళు తుడుచుకుంది.

"అంతా ఆ జుమా చేసిన పనేనమ్మా."

వర్ణిక తలెత్తింది. "ఏ జుమా? టాంజానియా జుమానా?"

"నీకు తెలుసా?"

"మా కమ్యూనిటీ కాలేజీలనే గ్రాఫిక్ డిజైన్ చదివిండు. మా క్లాసే."

"మా మేడగదిలో ఉండేవాడు. నేను హాస్టల్లో వంట ముగించుకుని సాయంత్రం ఇంటికొచ్చేసరికి, ఈయన చెయ్యి పట్టుకుని ఎక్కడినుంచో వస్తుండేవాడు. ఎక్కడికి తిప్పుతున్నావురా అంటే గబగబా ఏదో ఇంగ్లీషు. నాకేం తెలుస్తుంది? పక్కింటి నీలమ్మ కూడా అంది, 'గా పిలగాడు ముసలాయనను యాడికి తీస్కపోతుండో, జర చూస్కో అక్కా' అని. భయమేసి ఖాళీ చేయించాను. సాఫ్ట్‌వేర్ చేసే మొగుడూ పెళ్ళాలకి ఇచ్చాను గది."

"తర్వాత?"

"వారం రోజులు గేటుకి తాళమేశాను. ఆ రోజు మరిచిపోయాను. వాడు అలవాటు చేసిన తిరుగుడేనమ్మా ఇది. ఎక్కడెక్కడ తిప్పాడో వాణ్ణే అడగాలి. ఎక్కడున్నాడు?"

"లేడు ఆంటీ. పది ఇండ్లు తిరిగిండు. నల్లగున్నడని ఎవరూ కిరాయికియ్యలె. చదువు ఇడిసిపెట్టి నిన్ననే వాళ్ళ దేశం పోయిండు."

పుష్పవల్లి తల దించుకుంది.

"ఆగుండ్రి. జుమా తను కిరాయికున్న ఇంటి అంకుల్ మీదనే ప్రాజెక్టు చేసిండు. ఫోటోలు నా దగ్గరున్నయ్."

వర్ణిక కంప్యూటర్లో ఒక్కొక్కటే తెరిచింది.

షేక్‌పేట రోడ్డు. నడిచిపోతున్న చలపతిరావు వీపు.

స్టూడియో గేటు. మళ్ళీ వీపే.

యూసుఫ్‌గూడ బస్టాపు. వీపే.

ఇరవై దాటాక ఒకదాంట్లో మాత్రం ఆయన వెనక్కి తిరిగి నవ్వుతున్నాడు. జటల్లేవు, గడ్డం లేదు. బోసినోరు.

"ఈయనే! ఈయనే మా ఆయన!"

వర్ణిక ఆ ముఖం మట్టుకు కత్తిరించి, 'కనబడుట లేదు' అన్న అక్షరాల కింద పెట్టింది.

పుష్పవల్లి మాత్రం ఇంకా మిగతా ఫోటోలే చూస్తోంది.

"అన్నీ వెనకనుంచే తీశాడేంటమ్మా? తీసుకుపోయేవాడు ముందు నడవాలిగా?"

"తీసుకపోవుడేంది ఆంటీ? షూటింగుందని అంకులే రోజూ ఇంట్లకెల్లి పోతుంటే, జుమా ఎనకెనకనే నడిచి, ఆయన అలసిపోయినంక చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చెటోడు."