పళ్ళపొడికి నటన రాదు

"వెళ్ళొస్తాను," అన్నాడు పళ్ళపొడి, భుజాన సంచీతో గుమ్మంలో నిలబడి.

"మళ్ళీ అదే!" చేతిలోని డైలాగుల కాగితాలు సోఫా మీదికి విసిరాడు నాటకం. "వెళ్ళొస్తాను కాదు మహానుభావా, వెళ్ళిపోతున్నాను. నువ్వు ఇల్లొదిలి శాశ్వతంగా పోతున్నావు, కూరగాయలకి కాదు."

"నోరు తిరగడం లేదు. వెళ్తానంటే మా నాయనమ్మ మూతి మీద కొట్టేది. అలా అనకూడదురా, వెళ్ళొస్తాననాలి అని."

"మీ నాయనమ్మ ఈ సీరియల్లో లేదు."

"ఉంటే నాకంటే బాగా చేసేది," అంటూ పళ్ళపొడి సంచీ దించి, సరిగ్గా అందరూ నడిచే చోట పెట్టాడు.

ఆ సీరియల్ ఇద్దరు కుర్రాళ్ళ ప్రేమకథ. ఒకే ఇంట్లో అద్దెకి దిగిన ఉప్పూ నిప్పూ లాంటి ఇద్దరు కొట్టుకుని, తిట్టుకుని, ఆఖరికి ఒకరిని విడిచి ఒకరు ఉండలేకపోతారు. ఆ వేషాలకి ఎంచుకున్నవాళ్ళలో ఒకడు పదేళ్ళుగా స్టేజీ మీద బతికినవాడు. రెండోవాడు పళ్ళపొడి ప్రకటనలో ఒకసారి నవ్వాడు, అంతే. మొదటిరోజే ఒకరినొకరు 'నాటకం', 'పళ్ళపొడి' అని వెక్కిరించుకున్నారు, అవే పేర్లుగా స్థిరపడ్డాయి. వాళ్ళ నటన చూసి డైరెక్టరు తల పట్టుకున్నాడు. "మీ మధ్య ప్రేమ మాట దేవుడెరుగు, పరిచయం కూడా కనిపించడం లేదు. షూటింగు మొదలయ్యేదాకా ఒకే ఇంట్లో పడి ఏడవండి," అని కంపెనీ తరఫున ఈ ఇల్లు ఇప్పించాడు.

వాళ్ళు ఏడవలేదు గానీ, పక్కింటివాళ్ళు దాదాపు ఏడ్చారు. నాటకానికి కడిగిన గ్లాసులు వరసగా బోర్లించి ఉండాలి. పళ్ళపొడి తడి తువ్వాలు ఎక్కడ పడేస్తాడో ఆ తువ్వాలుకే తెలీదు. దాని మీద ఎన్ని రభసలు జరిగాయో చెప్పలేం. అవి ఎప్పుడు ఆగిపోయాయో కూడా నాటకానికి గుర్తులేదు. ఇప్పుడు తన కుర్చీ మీద ఆ తువ్వాలు కనిపించకపోతే, వాడు ఇంట్లో లేడేమోనని గుండె జారిపోతోంది. ఇది ప్రేమేనా అని తననే అడిగి చూసుకున్నాడు. ముమ్మాటికీ ప్రేమే. ఆ మాట వాడికి మాత్రం చెప్పలేదు.

చెప్పని సంగతి ఇంకోటి కూడా ఉంది. సీరియల్ ఆగిపోయింది.

మొన్న కంపెనీ మేనేజరు ఫోన్ చేసి కాసేపు నీళ్ళు నమిలాడు. "ఎలా చెప్పాలో తెలీక ఇన్నాళ్ళూ నానబెట్టాను బాబూ. పెట్టుబడి పెట్టేవాళ్ళు జారుకున్నారు. మన కథ అటకెక్కింది. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి."

నాటకం ఆ కబురు కడుపులో దాచుకున్నాడు. చెబితే వాడు ఆ పూటే మూటాముల్లె సర్దుకుంటాడని భయం. వాడు రోజూ పాడే పాట అదే మరి. "షూటింగు ఎప్పుడవుతుందో, నీ గ్లాసుల బారినుంచి ఎప్పుడు బయటపడతానో!" అందుకని లేని సీరియల్‌కి పొద్దున్నా సాయంత్రం రిహార్సల్ చేయిస్తున్నాడు. పదేళ్ళ అనుభవం ఊరికే పోలేదు, ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. పాపం పళ్ళపొడి! నోట్లో వేలు పెడితే కొరకలేనివాడు, ఇట్టే నమ్మేశాడు.

"ఇంకోసారి చేద్దామా?" పళ్ళపొడి అడిగాడు.

"నీకు విసుగు పుట్టదూ?"

"పుడుతోంది. కానీ ఇది రాకుండా వెళితే డైరెక్టరు నన్ను బతకనిస్తాడా?"

నాటకానికి జాలేసింది. "నీకు నటన రాదురా. ఏదీ దాచుకోలేవు. మనసులో ఉన్నది ముఖం మీదికి తన్నుకొచ్చేస్తుంది."

"నిజమే. నావల్ల కాదు," అని ఒప్పేసుకుని పళ్ళపొడి సంచీ భుజానికెత్తుకున్నాడు.

అప్పుడే కింద వ్యాను ఆగిన చప్పుడైంది. నాటకం కిటికీలోంచి చూశాడు. మేనేజరు దిగుతున్నాడు, వెనక ఇద్దరు కూలీలు. నాటకం గబుక్కున చెత్తబుట్ట అందుకున్నాడు.

"పారేసి వస్తాను."

"బుట్ట ఖాళీగానే ఉందిగా?"

"ఇంకా ఖాళీ చేస్తాను," అంటూ తలుపు వేసేసి మెట్ల మీద పరుగెత్తాడు.

మేనేజరు సగం మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. "ఆ సోఫా కంపెనీది బాబూ, పట్టుకెళ్ళాలి."

"నెలాఖరు దాకా ఆగండి సార్, మీకు దణ్ణం పెడతాను. సోఫా పోతే వాడికి తెలిసిపోతుంది."

"ఏం తెలిసిపోతుంది?"

"సీరియల్ లేదని. నేను చెప్పలేదు." నాటకం గొంతు తగ్గించాడు. "తెలిస్తే వెళ్ళిపోతాడు సార్. వాడు లేకుండా ఈ ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ నేను ఉండలేను. నాకు వాడంటే ప్రాణం."

పదేళ్ళు స్టేజీ దద్దరిల్లేలా పలికినవాడు, ఆ చివరి మాట దగ్గర తడబడ్డాడు. కూలీలిద్దరూ మర్యాదగా గోడవైపు చూశారు.

మేనేజరు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరికి తెలీదంటున్నావు? పైనున్న ఆ అబ్బాయికా?"

"అవును సార్. వాడు ఉత్త అమాయకుడు."

"నెల్నాళ్ళుగా నీకు చెప్పొద్దని నన్ను బతిమాలుతున్నది ఆ అబ్బాయే బాబూ!"