ఎక్స్‌ప్రెస్ లిఫ్టు

ఇప్పుడు విశాఖలో కొకైన్ మానుతున్న ప్రతివారి చేతికీ ఒక పట్టీ ఉంటుంది. ఎవరికైనా కోరిక పుడితే దగ్గర్లో ఉన్న తోటి రోగి పట్టీ మోగుతుంది, అతను సాయానికి పరుగెత్తాలి.

అలా ఆర్కిటెక్ట్ ప్రభంజన్ కోసం పన్నెండో అంతస్తుకు ఆ భవనం లిఫ్టు మెకానిక్ నూకరాజు వచ్చాడు.

“నేను పీల్చింది పొడి. క్రాక్ పొగ తాగినవాణ్ణి పంపుతారా?” అని ప్రభంజన్ మండిపడ్డాడు.

“రెండూ కొకైనే బాబూ. క్రాక్ ఎక్స్‌ప్రెస్ లిఫ్టు, గభాల్న ఎక్కించి గభాల్న పడేస్తాది. మీ పొడి అంతస్తంతస్తుకీ ఆగుతాది. ముందీ చిక్కుళ్లకి ఈనెలు తియ్యండి,” అంటూ నూకరాజు సంచీ కుమ్మరించాడు.

చిక్కుళ్లు అయ్యేసరికి కోరిక చల్లారింది.

మర్నాడు ప్రభంజన్ పట్టీ మోగింది. మెట్లన్నీ దిగి, సెల్లార్లో నూకరాజు ముందు రొప్పుతూ నిలబడ్డాడు.

“లిఫ్టులో రావొచ్చు కద బాబూ!”

“అది నా పొడిలాగే అంతస్తంతస్తుకీ ఆగుతోంది. నీకు ఎక్స్‌ప్రెస్ కావాలిగా! పట్టు, చిక్కుళ్లు.”