గాలిముడి

రండర్రా, ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి.

దిగుడుబావి మీదికి వంగిన తుమ్మకొమ్మకి గిజిగాళ్ళు గూళ్ళు అల్లుకునేవి. ఎంత గాలికీ ఊడని గాలిముడి వాటి పెద్ద సింగన్నకొక్కడికే తెలుసు. "బాగా అల్లినవాడికి బహుమతిగా నేర్పుతా" అనేవాడు. ఆ ఆశకే అందరూ ఒళ్ళు వంచుతున్నారని మురిసిపోయేవాడు. చివరికి ఆ ఏడు, మొట్టమొదటిసారి, బహుమతి చురుకయ్యకి దక్కింది. నెమ్మదిగా అల్లే బండన్న "నాకూ చూపించు పెద్దయ్యా" అంటే, "ముందు బాగా అల్లు, చూద్దాం" అన్నాడు.

సింగన్నకి ముక్కు అరిగిపోయింది. అందుకని ఆయన గూడు కూడా బండన్నే అల్లిపెట్టాడు.

ఓ సాయంత్రం గాలివాన లేచింది. కునుకు తీస్తున్న సింగన్న కళ్ళు తెరిచేసరికి గూటితో సహా బావినీళ్ళలో ఉన్నాడు. ఎలాగో మెట్టెక్కి పైకి చూసి కొయ్యబారిపోయాడు. కొమ్మకి ఒక్క చురుకయ్య గూడే వేలాడుతోంది.

"ఏం ముడి వేశావురా నాకు?" అన్నాడు వణుకుతూ.

"నాకొచ్చిందే వేశాను పెద్దయ్యా" అన్నాడు పక్కన వాలిన బండన్న. "బాగా అల్లితే నేర్పుతానన్నావు. నేర్పితే కదా బాగా అల్లేది?"

సింగన్న నీళ్ళలోంచి ఒక గడ్డిపోచ తీసి, "అందర్నీ పిలు" అన్నాడు.

ఇక లేవండి. ఇళ్ళకెళ్ళి, అన్నం చల్లారకముందే తినండి.