ఆరో పేజీ

గాయని ఎర్మెలిండా పాచిక పట్టుకుని వేదిక మీదికి వచ్చింది. హాలు వెనక టేపు యంత్రాల దగ్గర కూర్చున్న తుల్లియో మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

పాట అతనిదే. పాటంటే రాగం, తాళం ఉన్నది కాదు. ఆరు పేజీల నిండా మూలుగులు, ఈలలు, విరిగిన అక్షరాలు. కచేరీకి ఒక్కసారే పాచిక వేస్తారు. ఏ పేజీ పడితే గాయని అదే పాడాలి. ఆమె గొంతును యంత్రాలు పట్టుకుని, సాగదీసి, హాలు నాలుగు మూలల నుంచీ తిరిగి వదులుతాయి. పాచిక మాటకు తిరుగులేదని మిలాన్ పత్రికలన్నిటికీ గొప్పగా చెప్పుకున్నది కూడా అతనే.

అలాంటివాడు పాచికలో సీసం పోయించాడు.

ఆరో పేజీ మొత్తం ఒకటే పెద్ద కేక. ఎర్మెలిండా కోసమే రాశాడు. కానీ ఆమె గొంతులో కంతి లేచింది. ఈ కచేరీ కాగానే ఆపరేషన్, ఆ తర్వాత పాట ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఆ పేజీ తీసేద్దామంటే ఆమె ససేమిరా అంది. అందుకని ఆరు ఎన్నటికీ పడని పాచిక చేయించి, రిహార్సల్స్ మొదలైన రోజే ఆమె చేతిలో పెట్టాడు. జాలితో చేశానని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. లోపలి మాట వేరు. ఆమె గొంతు బీటలు వారితే జనం ఎగతాళిగా ఈలలు వేసేది తన పాటకి. అది తలుచుకున్నప్పుడల్లా సిగ్గుతో చితికిపోయేవాడు.

ఎర్మెలిండా పాచిక వేసింది.

"ఆరు," అని చదివింది.

తుల్లియో కుర్చీలోంచి సగం లేచాడు.

కేక సగంలోనే బొంగురుపోయి విరిగింది. ఆ విరిగిన ముక్కనే యంత్రాలు నాలుగు మూలల నుంచీ తిప్పి పంపాయి. ఆమె దాని మీదే మళ్లీ గొంతెత్తింది. ఒక్కరూ ఈల వేయలేదు. ముగిసేసరికి హాలంతా లేచి నిలబడింది.

తుల్లియో తెర వెనక్కి పరుగెత్తాడు. "సిన్యోరా, మిమ్మల్ని మోసం చేశాను. ఆ పాచికలో సీసం ఉంది. అయినా ఆరు ఎలా పడిందో..."

ఆమె చేతిసంచిలోంచి ఒక పాచిక తీసి అతని అరచేతిలో పెట్టింది. "ఇదిగో, నీది." గొంతు గుసగుసగా మాత్రమే వచ్చింది. "రిహార్సల్స్‌లో ఒక్కసారైనా ఆరు పడకపోతే అనుమానం రాదా నాయనా? మా నాన్నది జెనోవా రేవులో సారా అంగడి. జూదగాళ్ల మధ్యే పెరిగాను."

తుల్లియో తలెత్తలేకపోయాడు. అయినా ఎక్కడో కాస్త ఊరట కలిగింది.

"అయితే ఇవాళ వేసింది మంచి పాచికేనన్నమాట."

ఎర్మెలిండా ఇవాళ వేసిన పాచికను సంచిలోంచి తీసి బల్ల మీద దొర్లించింది. ఆరు. మళ్లీ దొర్లించింది. ఆరే.

"ఆఖరి పాట కదా," అంది, "అదృష్టానికి వదిలేస్తానా?"