తండ్రి సంతకం

"ఒక సంతకం తక్కువైంది," అంది సంతకాలమ్మ, కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోస్తూ.

ఆమెకి ఆ పేరు పెట్టింది లైసెన్సుల ఆఫీసులోని తోటి గుమస్తాలు. ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. ఎవరి పేరూ చదవదు. ఫైలు నంబరు చూస్తుంది, సంతకాలు చూస్తుంది, అన్నీ ఉంటే ముద్ర గుద్దుతుంది. పేర్లు చదివితే మనుషులు గుర్తుండిపోతారు, ఇంటికెళ్ళాక అన్నం సహించదు. ఆ బాధ ఎందుకని మొదట్లోనే మానేసింది.

కిటికీ అవతల నలభై దాటిన డ్రైవరు. చొక్కా శుభ్రంగానే ఉంది. గడ్డం మాత్రం ఒకచోట గీసి, ఒకచోట వదిలేశాడు. చెంప మీద రెండు గాట్లు. అద్దమైనా చూసుకోడా ఈ మనిషి, అనుకుంది ఆమె.

"చూడండి. మీ వ్యాను కింద పడి పాప పోయింది. ఏడాది సస్పెన్షన్ వేశారు. ఆ ఏడాది ఇవాళ్టితో సరి. రికార్డులోంచి అది తీసెయ్యాలంటే పాప తల్లీ తండ్రీ ఇద్దరూ మాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఐదింటిలోగా కాగితం నాకు అందకపోతే లైసెన్సు రద్దు. ఇక ఈ జన్మలో రాదు. తల్లి సంతకం ఉంది. తండ్రిది ఏదీ?"

"ఆయన పెట్టలేదమ్మా."

"విడ్డూరంగా ఉందే! కన్నతల్లే పెట్టాక ఆయనకేం వచ్చింది?"

"ఆవిడ క్షమించిందమ్మా. ఆయన వల్ల కావట్లేదు."

"వాళ్ళింటికి వెళ్ళారా అసలు?"

"రోజూ వెళ్తూనే ఉన్నాను."

"తిడుతున్నారా?"

"ఆవిడ పల్లెత్తు మాట అనదు. ఆయనే నా మొహం చూడలేకపోతున్నాడు."

వెనక క్యూలో ఎవరో విసుగ్గా దగ్గారు. సంతకాలమ్మ పట్టించుకోలేదు. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"ఎలా జరిగింది?"

"వ్యాను వెనక్కి తీస్తున్నానమ్మా. పాప రోజూ గుమ్మంలో నిలబడి టాటా చెప్పేది. ఆ రోజూ అక్కడే ఉందనుకున్నాను." "కొత్త చెప్పులు వేసుకుంది. నాకు చూపిద్దామని పరిగెత్తుకొచ్చిందట."

దిగి చూసుకోవద్దూ, అనబోయి ఆగిపోయింది ఆమె. ఆ మాట ఈపాటికి చాలామంది అనే ఉంటారు.

"మళ్ళీ ఎందుకండీ ఈ బండి బతుకు? ఇంకో పని చూసుకోకూడదూ?"

"నాకు వేరే పని రాదమ్మా. వద్దని నేనూ అన్నాను. మా ఆవిడే బలవంతంగా పంపించింది. పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాను కదా, ఇలాగే ఉంటే నేను కూడా దక్కనని దాని భయం."

సంతకాలమ్మ ముద్ర పక్కన పెట్టింది. గడియారం చూసింది. మూడయింది.

"ఇంకా రెండు గంటలుంది. మళ్ళీ అడగండి. కాళ్ళావేళ్ళా పడండి."

"ఏమని అడగాలమ్మా ఆయన్ని?"

ఆమె ఆ కిటికీ దగ్గర ఎవరికీ సలహా ఇచ్చి ఎరగదు. ఇవాళ మాత్రం నోరు ఆగలేదు.

"కావాలని చెయ్యలేదని చెప్పండి. ఆ పాపని మీరూ సొంత బిడ్డలాగే చూసుకున్నారని చెప్పండి. ఏడాదిగా మీకూ కంటి మీద కునుకు ఉండి ఉండదు, అది ఆయనకి తెలియాలి కదా! మిమ్మల్ని ఇలా చంపుకుతింటే పోయిన పిల్ల తిరిగొస్తుందా?"

అతను ఒక్కో మాటకీ తల ఊపాడు.

"చెప్పి చూస్తానమ్మా," అన్నాడు.

అని ఎక్కడికీ వెళ్ళలేదు. వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. మాటలు కూడబలుక్కుంటున్నాడు కాబోలనుకుంది సంతకాలమ్మ. మూడున్నరయింది. నాలుగయింది. పరిగెత్తి ఆ తండ్రిని పట్టుకోక ఈ బెంచీకి అతుక్కుపోయాడేమిటి అని ఆమెకి ఒళ్ళు మండింది. ముద్ర గుద్దుతున్న ప్రతిసారీ కళ్ళు వరండా వైపే పోతున్నాయి. ఎవరి ఫైలు ఏమవుతుందో అని ఆమె ఇంతలా కొట్టుకులాడడం ఉద్యోగంలో చేరాక ఇదే మొదలు.

క్యూలో గొడవైతే సర్దిచెప్పి తల ఎత్తేసరికి బెంచీ ఖాళీ. అమ్మయ్య, వెళ్ళాడనుకుంది.

ఐదుకి ఐదు నిమిషాలుందనగా అతను కిటికీ దగ్గర ప్రత్యక్షమయ్యాడు. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"దారికొచ్చాడా ఆయన?" అంది ఆత్రంగా.

"వచ్చాడమ్మా. పెట్టాడు."

సంతకాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. గబగబా ముద్ర చేతిలోకి తీసుకుంది. అలవాటు ఊరుకోదు కాబట్టి కాగితం వైపు ఓసారి చూసింది. పైన డ్రైవరు సంతకం. కింద తండ్రి సంతకం. అదే వంకర మొదటి అక్షరం, చివర అదే తోక. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న కళ్ళు మోసపోతాయా?

చేతిలో ముద్ర బల్ల మీద పడింది. కుర్చీలోంచి లేచింది ఆమె.

"నాకే టోకరా వేద్దామనుకున్నావా? రెండూ నువ్వే పెట్టావు! జాలిపడి దారి చెప్పినందుకు ఇదా నువ్వు చేసేది? బిడ్డని పోగొట్టుకున్న మనిషి సంతకం దొంగతనంగా పెడతావా? ఆ కన్నతండ్రి ఉసురు తగలదూ నీకు?"

"తగిలిందమ్మా," అన్నాడతను కిటికీ చువ్వలు పట్టుకుని, "ఆ కన్నతండ్రిని నేనే."